చేతుల డాక్టరు పాల్ బ్రాండ్
(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు ఈసారి మమ్మల్ని పిలిచి, "వైద్య సహాయం పద్దు గురించి కాసేపు మాట్లాడండి. లెక్కలు కార్యదర్శి గారు చదువుతారు, మీరు మనుషుల సంగతి చెప్పండి" అన్నారు. మేము బడి పంతుళ్లం. వైద్యం మాకు రాదు. మాకు తెలిసినవి రెండే. ఒకటి, మా బడిలో చదివిన ఒక పిల్లవాడి చెయ్యి. రెండు, ఆ చెయ్యి కారణంగా మేము వెతుక్కుని చదివిన ఒక డాక్టరు జీవితం. ముందు పిల్లవాడి సంగతి చెబుతాం.

కొన్నేళ్ల కిందటి మాట. ఎనిమిదో తరగతి అబ్బాయి. పేరు చెప్పం, చెప్పకూడదు. ఏడో తరగతి దాకా వాడి దస్తూరి ముత్యాల కోవలా ఉండేది. ఎనిమిదిలోకి వచ్చేసరికి కోడి కెలికినట్టయింది. పెన్ను జారిపోయేది. చొక్కా గుండీలు పక్క వాడి చేత పెట్టించుకునేవాడు. "శ్రద్ధ తగ్గింది" అని ప్రోగ్రెస్ కార్డులో రాశాం. నాయనమ్మను పిలిపించి నాలుగు మాటలు అన్నాం కూడా. ఒకరోజు మధ్యాహ్న భోజనం దగ్గర కాగుతున్న పప్పు గిన్నె అంచు పట్టుకున్నాడు. చిటికెన వేలు బొబ్బలెక్కింది. వాడు అబ్బా అనలేదు. "గట్టి పిండం రా నువ్వు" అని మేము నవ్వాం. ఆ నవ్వు ఇప్పటికీ మాకు గుర్తుకొస్తూనే ఉంటుంది.

రెండు పరీక్షలు అయిపోయాక ఆరోగ్య కేంద్రం నుంచి ఒక అమ్మాయి బడికి వచ్చింది. పిల్లల చొక్కాలు విప్పించి చూసింది. వీడి మోచేతి పైన రాగి రంగు మచ్చ ఒకటి ఉంది. కళ్లు మూసుకోమని పెన్ను మొనతో తాకి, ఎక్కడ తాకానో వేలితో చూపించమంది. వాడు చూపించలేకపోయాడు. మోచేతి వెనక నరం తాడులా లావెక్కి ఉంది. కుష్ఠు. ఊళ్లో ఇంకా పెద్దరోగం అనే అంటారు.

మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. 1982 నుంచి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. రోగాన్ని బట్టి ఆరు నెలలు, లేదా ఏడాది. వాడు ఏడాది వాడాడు, రోగం పోయింది. కానీ చిటికెన వేలు, ఉంగరపు వేలు ముడుచుకున్నవి ముడుచుకునే ఉండిపోయాయి. మందు క్రిమిని చంపుతుంది. చచ్చిన నరాన్ని లేపలేదు.

అప్పుడు మేము పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాం. ఎక్కడ చూసినా ఒకే పేరు, డాక్టర్ పాల్ బ్రాండ్.

ఆయన తెల్లవాడు, క్రైస్తవ మిషనరీల బిడ్డ. తన విశ్వాసం గురించి ఆయన చాలా రాసుకున్నారు, అది ఆయనకూ ఆయన దేవుడికీ మధ్య సంగతి. మన సభలో ఆయన ముచ్చట ఎందుకని కమిటీలో ఒకరు అడిగారు కూడా. మన వైపు నుంచి కాట్పాడి రైలెక్కి వేలూరు ఆసుపత్రికి పోని ఇల్లు ఎన్ని ఉన్నాయి? చేతి ఆపరేషన్లలో ఈయన పేరు నిలిచింది ఆ వేలూరులోనే. ఇంతకంటే దగ్గరివాడు ఎక్కడ దొరుకుతాడు?

పుట్టింది 1914లో, తమిళనాడులోని కొల్లి కొండల్లో. తండ్రి పళ్లు పీకేవాడు, జ్వరాలకు మందిచ్చేవాడు, కొండవాళ్లకు వడ్రంగం, ఇళ్లు కట్టడం నేర్పేవాడు. ఒకరోజు కుష్ఠు ఉన్న మనుషులు గడప దగ్గరికి వస్తే, అందరికీ వట్టి చేతులతో కట్లు కట్టే ఆ తండ్రి ఆనాడు చేతి తొడుగులు వేసుకున్నాడట. పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదట. ఆ భయం చిన్న పాల్ మనసులో ముద్ర పడిపోయింది.

తొమ్మిదో ఏట చదువుకని ఇంగ్లండు పంపారు. 1929లో తండ్రి ఈ కొండల మీదే మలేరియా ముదిరి వచ్చే నల్లనీటి జ్వరంతో పోయాడు. కొడుక్కి కడచూపు దక్కలేదు. తల్లి మాత్రం ఈ కొండల్ని వదల్లేదు. తొంభై దాటిన వయసులోనూ గుర్రప్పిల్ల మీద కొండపల్లెలు తిరుగుతూ 1974లో కన్నుమూసింది.

కుర్రవాడికి డాక్టరు కావాలని లేదు. నెత్తురు, చీము చూస్తే ఏవగింపు. తాపీ పని, వడ్రంగం నేర్చుకోవడానికి చేరాడు. కొన్నేళ్లు ఇటుక మీద ఇటుక పేర్చాడు, కొయ్య చిత్రిక పట్టాడు. మన దగ్గర పదో తరగతి పాసైన పిల్లవాడు తాపీ పట్టుకుంటే చెడిపోయాడంటాం. ఈయన విషయంలో ఆ తాపీయే తర్వాత అక్కరకొచ్చింది. విదేశాల్లో పని చేయబోయే వాళ్లకు నేర్పే ఒక చిన్న వైద్యం కోర్సులో కూర్చున్నాక మనసు తిరిగింది. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రిలో వైద్యం చదివాడు. రెండో ప్రపంచ యుద్ధం, లండన్ మీద బాంబులు, రాత్రంతా గాయపడ్డవాళ్లు. శస్త్రచికిత్స ఆయన చేతికి అక్కడ అలవాటైంది. చేతి మీద ఆసక్తీ అక్కడే పుట్టింది. 1946 చివర వేలూరు చేరాడు. భార్య మార్గరెట్ కూడా డాక్టరే.

1947లో చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమానికి డాక్టర్ కొక్రేన్ అనే పెద్దాయన ఆయన్ను తీసుకెళ్లారు. సల్ఫోన్ మందులు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. కొక్రేన్ గారు చర్మం మీది మచ్చలు చూపిస్తుంటే, ఈయన కళ్లు మాత్రం చేతుల మీదే ఉన్నాయి. గద్ద గోళ్లలా వంగిన వేళ్లు, మొండి వేళ్లు. ఇవి ఎందుకిలా అయ్యాయని అడిగితే, ఎముకల డాక్టరువి నువ్వు, నువ్వే చెప్పాలన్నారు ఆయన. ఎవరూ పరిశోధించలేదు.

బ్రాండ్ ఒక రోగి చేతిలో చెయ్యి పెట్టి గట్టిగా నొక్కమన్నాడు. ఆ వంగిన వేళ్లలో బలం ఉండదనుకున్నాడు. ఆ మనిషి నొక్కితే ప్రాణం పోయినంత పనైంది, ఆపమని అరిచాడు. ఆ నొప్పిలోనే ఆయనకు జవాబు తట్టింది. చెయ్యి చావలేదు. ముంజేతి కండరాలు పూర్తి బలంతో ఉన్నాయి. అరచేతిలో ఉండే చిన్న కండరాలు మాత్రమే పడిపోయాయి.

పంతుళ్లం కనుక కొంచెం పాఠం చెప్పక తప్పదు. మీ చెయ్యి చాపి చూడండి. వేళ్లు మడిచే పెద్ద కండరాలు చేతిలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి తెల్లని తాళ్లు, అంటే స్నాయువులు, మణికట్టు మీదుగా వేళ్లలోకి వస్తాయి, బావి గిలక మీది చేంతాడులా. అరచేతిలోని చిన్న కండరాలు వేళ్లను నిటారుగా, ఒద్దికగా ఉంచుతాయి. కుష్ఠు క్రిమికి చల్లదనం ఇష్టం. నరం చర్మానికి దగ్గరగా వచ్చే చోట, మోచేతి వెనక, మణికట్టు దగ్గర, అది కూర్చుంటుంది. నరం వాచి లోపల నలిగిపోతుంది. దానికి దిగువన ఉన్న చిన్న కండరాలు పడిపోతాయి. పైన ఉన్న పెద్దవి బాగానే ఉంటాయి. అందుకే వేళ్లు లాగేసినట్టు ముడుచుకుపోతాయి.

పైన బలం మిగిలి ఉందంటే, దాన్ని కాస్త కిందికి అప్పు తెచ్చుకోవచ్చు. ఆయన చేసింది అదే. మణికట్టును ఎత్తే కండరాల్లో ఒకదాన్ని తీసుకుని, దాని స్నాయువుకు ఇంకోచోటి స్నాయువు అతికి, దాన్ని నాలుగు పాయలుగా చీల్చి, చర్మం కింద సొరంగంలా దారి చేసి, నాలుగు వేళ్లకు ముడివేశాడు. ఆ దారి చేసే సన్నని పనిముట్టుకు ఈనాటికీ ఆయన పేరే. ఆపరేషన్ తర్వాత మూడు వారాలు కట్టు. అది విప్పాక అసలు పని మొదలు. నిన్నటిదాకా మణికట్టును కదిపిన కండరానికి ఇవాళ్టి నుంచి వేళ్లు కదపమని మెదడు చెప్పాలి. అది చదువు రాని పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించడం లాంటిదే. రోజూ, గంటలకొద్దీ, నెలల తరబడి దిద్దించాలి.

అప్పట్లో డాక్టర్లే కుష్ఠు మాంసం పుచ్చిపోయిన మాంసం, కత్తి పెడితే మానదు అనుకునేవారు. మామూలు ఆసుపత్రిలో ఈ రోగులకు మంచం దొరకడమే గగనం. ఈయన ఆపరేషన్ చేసిన చేతులు అందరి చేతుల్లాగే మానాయి. కాళ్ల పుండ్లకు పిండికట్టు వేసి కదలకుండా ఉంచితే అవీ మానాయి. 1952లో లండన్ రాయల్ కాలేజీ ఆఫ్ సర్జన్స్‌లో హంటేరియన్ ప్రొఫెసర్‌గా ఈ పని గురించి ఉపన్యాసం ఇచ్చాడు. 1960లో లాస్కర్ అవార్డు వచ్చింది. బిరుదుల జాబితా ఇంకా ఉంది, చదివితే మీకు నిద్రొస్తుంది.

మేము చెప్పదలచుకున్నది ఈ తర్వాతి సంగతి. చెయ్యి బాగై ఇంటికెళ్లిన మనుషులు కొందరు తిరిగొచ్చారు. సంతోషంగా కాదు, దిగులుగా. వేళ్లు వంకరగా ఉన్నప్పుడు దారిన పోయేవాళ్లు జాలిపడి కానీ పరకో వేసేవారు. ఇప్పుడు వేళ్లు నిటారుగా ఉన్నాయి, అడుక్కుంటే ఎవరూ వేయడం లేదు. మొహం మీద రోగం ఆనవాళ్లు ఉన్నాయి కనుక పనీ ఇవ్వడం లేదు, అద్దెకు ఇల్లూ ఇవ్వడం లేదు. ఒక్కమాటలో, మీరిచ్చిన చెయ్యి బిచ్చానికి పనికిరాదు డాక్టరుగారూ అన్నారు.

దాతలు కూర్చున్న సభలో ఈ మాట చెప్పడం మాకు కొంచెం ఇబ్బందే. మనం కూడా ఎంతమందికి ఆపరేషన్లు చేయించామో లెక్క చెప్పుకుంటాం, ఫొటోలు వేసుకుంటాం. ఆ మనిషి ఆర్నెల్ల తర్వాత ఏం తింటున్నాడో మన రిజిస్టరులో గడి లేదు.

బ్రాండ్ తాపీ మళ్లీ పట్టుకున్నాడు. వేలూరులో కళాశాల పక్కన మట్టిగోడల ఇళ్లతో నవజీవ నిలయం అని ఒక చిన్న పల్లె కట్టాడు. దానికి డబ్బిచ్చింది పెద్ద సంపన్నులెవరూ కాదు, కీళ్లనొప్పులతో బాధపడే ఒక వృద్ధ మిషనరీ మహిళ, తన దాచుకున్న సొమ్ములోంచి. ఆపరేషన్ అయిన కుర్రాళ్లు అక్కడే ఉండి వడ్రంగం నేర్చుకున్నారు, కొయ్యబొమ్మలు చేశారు. నేర్పింది ఆ డాక్టరే. చిత్రిక పట్టడం, రంపం పట్టడం ఆయనకు వృత్తికి ముందరి వృత్తి కదా.

ఆ నిలయంలోనే ఇంకో చిక్కు వచ్చింది. రాత్రి బాగున్న వేలు తెల్లారేసరికి కొంత పోయి ఉండేది. కుష్ఠు వేళ్లు రాలిపోతాయని లోకం అనుకునేది. ఆయన నమ్మలేదు. రాత్రి మేలుకుని కాపలా కాయించాడు. ఎలుక వచ్చి నిద్రపోతున్న వాడి వేలు కొరుకుతోంది. వాడికి తెలియదు, స్పర్శ లేదు. ఆ తర్వాత అక్కడి నుంచి ఇంటికెళ్లే రోగులకు మందులతోపాటు ఒక పిల్లినీ ఇచ్చి పంపేవారు.

మరోసారి తుప్పు పట్టిన తాళం తెరుచుకోక ఈయన అవస్థ పడుతుంటే, ఒక బక్కపలచని కుర్రాడు తాళంచెవి తీసుకుని ఒక్క తిప్పులో తెరిచాడు. డాక్టరు వాడి చెయ్యి పట్టి చూస్తే వేలు ఎముక దాకా తెగి ఉంది, నెత్తురు కారుతోంది. వాడు నవ్వుతున్నాడు. మనమైతే నొప్పి పుట్టగానే వదిలేస్తాం. వాడికి ఆపేవాళ్లు లేరు. వేళ్లు పోయేది రోగం తినేయడం వల్ల కాదు, నొప్పి తెలియక కాల్చుకోవడం, కోసుకోవడం, గాయం మీదే పని చేయడం వల్ల. ఇది చదివిన రోజు మాకు పప్పు గిన్నె కళ్లముందు మెదిలింది.

ఆ భయం ఆయనకూ తెలుసు. ఒకసారి లండన్‌లో రైలు దిగి గదికి వచ్చి మేజోళ్లు విప్పుతుంటే మడమలో స్పర్శ లేదనిపించింది. సూదితో గుచ్చుకుంటే నొప్పి లేదు. రాత్రంతా నిద్రలేదు. పెళ్లాంబిడ్డలకు దూరంగా బతకాల్సిన రోజుల్ని లెక్కపెట్టుకున్నాడు. తెల్లారి మళ్లీ సూది గుచ్చుకుంటే చురుక్కుమంది. రైల్లో కాలు ముడుచుకుని కూర్చున్నందువల్ల పట్టిన తిమ్మిరి, అంతే. ఆ నొప్పికి దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నానని రాశాడు.

నొప్పి గురించే ఆయన మిగతా జీవితమంతా ఆలోచించాడు. 1966లో అమెరికా వెళ్లి, లూసియానాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు పనిచేశాడు. స్పర్శ లేని చేతికి యంత్రంతో నొప్పి తెలియజేద్దామని ఇంజనీర్లతో కలిసి ప్రయత్నించాడు. తొడుగులో పీడనం కొలిచే పరికరాలు పెట్టారు. ప్రమాదం రాగానే శబ్దం వచ్చేలా చేశారు, లైటు వెలిగేలా చేశారు, చివరికి చంకలో కరెంటు షాకు తగిలేలా చేశారు. రోగులు ఏం చేశారు? పని పూర్తయ్యేదాకా స్విచ్ ఆపేసుకున్నారు. ప్రయత్నం విఫలమైందని ఆయనే ఒప్పుకున్నాడు. ఓడిపోయిన పనిని ఇంత విడమరిచి రాసిన పెద్ద డాక్టరును మేము ఇంకొకర్ని చూడలేదు.

యంత్రం ఓడింది కానీ చెప్పు గెలిచింది. వేలూరులోనే ఆయన మెత్తని రబ్బరు అట్టలతో, ఒక్కో పాదానికి కొలత తీసి చెప్పులు కుట్టించాడు. ఏ అడుగు ఎక్కడ నొక్కుతోందో కొలిచాడు. పుండు మానడానికి పాదమంతా అంటి ఉండేలా వేసే పిండికట్టును ఇక్కడి అనుభవంతోనే అమెరికాకు తీసుకెళ్లాడు. అక్కడ అది షుగరు రోగుల కాళ్లను కాపాడింది. షుగరు వాళ్లకూ పాదాల్లో స్పర్శ పోతుంది, కారణం వేరు, ప్రమాదం ఒకటే. ఈ హాల్లో షుగరు లేని ఇల్లు ఉంటే చెయ్యి ఎత్తండి. చూశారా! రాత్రి పడుకునే ముందు పాదం అడుగు ఒకసారి చూసుకోండి, కనపడకపోతే మనవడి చేత చూపించుకోండి. ఇది మా మాట కాదు, ఆయన తన రోగులకు చెప్పిన పద్ధతి.

ఆయన భార్య గురించి, శిష్యుల గురించి చెప్పాలంటే ఇంకో సభ కావాలి. మార్గరెట్ గారు రెప్ప పడని కళ్లను బాగుచేశారు. నమిలే కండరంలోంచి ఒక పాయ తెచ్చి రెప్పకు కడితే, నమిలినప్పుడల్లా రెప్ప మూసుకుంటుంది. మేరీ వర్గీస్ అనే యువ డాక్టరు 1954లో వాహన ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. చేతి ఆపరేషను కూర్చుని చేసేదే కదా అని ఆమెను ఆ పనికి ప్రోత్సహించినవారు బ్రాండ్ గారే. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. బ్రాండ్ 2003లో అమెరికాలో, సియాటిల్‌లో పోయారు.

మన తెలుగునాట ఇలాంటి పని లేదనుకోకండి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠు ఆసుపత్రి నడిపితే, దానికి పెద్ద విరాళమిచ్చినవారు నర్సాగౌడ్ గారు, ఆ ప్రాంతపు హిందూ దాత. స్థలం నిజాం ప్రభుత్వానిది. కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని 1958లో రాణీ కుముదినీదేవి గారు మొదలుపెట్టారు. కుష్ఠు దగ్గర మతం అడిగినవారు తక్కువ, మొహం తిప్పుకున్నవారే అన్ని మతాల్లోనూ ఎక్కువ. మనవాళ్లకు ఒక చట్టం సంగతీ తెలియాలి. కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలు హిందూ వివాహ చట్టంలో ఉండేది, 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టంలోనూ ఉండేది. 2019లో పార్లమెంటు అన్నింటిలోంచి ఆ మాట తీసేసింది. కాగితం మీద పోయింది. మా అబ్బాయి అక్క సంబంధం మాత్రం వాడి చెయ్యి చూసే తప్పిపోయింది.

ఇప్పుడు మా అబ్బాయి దగ్గరికి వద్దాం. వాడి ఆపరేషన్‌కు డబ్బిచ్చింది మన సంస్థే. చేసింది మంచి డాక్టరు, బాగా చేశారు. కట్టు విప్పాక వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి రమ్మన్నారు. ఆసుపత్రి రెండు బస్సుల దూరం. వెంట ఎవరో ఒకరు వెళ్లాలి. తండ్రి రోజుకూలీ, కొడుకుతో వెళ్తే ఆ రోజు పొయ్యి వెలగదు. నాలుగు వారాలు వెళ్లారు, మానేశారు. మమ్మల్ని అడగడానికి సిగ్గుపడ్డారు. మేము అడగలేదు. ఆపరేషన్ అయిపోయింది కదా అనుకున్నాం. రసీదు ఫైలులో పెట్టాం, సావనీర్‌లో ఫొటో వేశాం. ఆ ఏడాది సావనీర్ ఇంట్లో ఉన్నవాళ్లు చూడొచ్చు, కట్టుతో నవ్వుతున్న పిల్లవాడు వాడే.

ఉంగరపు వేలు తిరిగొచ్చింది. చిటికెన వేలు సగమే వచ్చింది. ఇంకో ఐదు నెలల బస్సు చార్జీ ఉంటే రెండూ వచ్చేవని ఫిజియోథెరపీ చేసే ఆయన మాతో అన్నారు. ఆ బస్సు చార్జీ ఎంతో మేము లెక్క వేశాం. ఆ రోజు సభలో మనం తాగిన టీ ఖర్చు కంటే తక్కువ.

అందుకని ఈ ఏడాది వైద్య సహాయం పద్దులో ఆపరేషన్ అనే గడి పక్కన ఇంకో గడి వేయమని కార్యవర్గాన్ని అడిగాం. అందులో రోగికీ, వెంట వెళ్లే మనిషికీ ఆర్నెల్ల బస్సు చార్జీ. వెంట వెళ్లిన రోజు కూలి. చేతికి కట్టే పట్టీ. స్పర్శ లేని కాళ్లవాళ్లకు ఏడాదికి రెండు జతల మెత్తని చెప్పులు, షుగరు వాళ్లకు కూడా. ఆపరేషన్ల సంఖ్య ఈసారి కొంచెం తగ్గొచ్చు. ఫొటోలూ తగ్గుతాయి. సదర్ సాహెబ్ సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు, సభ ఆమోదం కావాలి.

అబ్బాయి ఇప్పుడు బస్టాండు దగ్గర ఒక మొబైల్ దుకాణంలో పని చేస్తున్నాడు. మొన్న వెళ్తే టీ తెప్పించాడు. గ్లాసు అందుకునే ముందు ఎడమ చేత్తో తాకి వేడి చూసుకుని, ఆ తర్వాత కుడి చేత్తో పట్టుకున్నాడు. ఎవరు నేర్పారురా అని అడిగాం. "ఆసుపత్రిలో సార్, ఆ నాలుగు వారాల్లో" అన్నాడు.

పేర్లు రాసుకునే రిజిస్టరు బయట బల్ల మీద, ఖజాంచీ గారి దగ్గర ఉంది. ఖుదా హాఫిజ్.